దానిమ్మ ఎలుకలు

ఆ కాలేజీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ప్రిన్సిపాలు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే మనిషి దాకా అందరికీ ఆమె ఎలుకలత్తే. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో గానీ ఆమెకు నచ్చింది. "రోజంతా ఎలుకల మధ్య తిరుగుతూ ఏనుగులత్తనని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?" అనేది.

ఆమె పని మేడ మీద చివరి గదిలో, పరిశోధనల కోసం పెంచే తెల్ల ఎలుకల దగ్గర. పొద్దున్నే వచ్చి పంజరాల అడుగున తడిసిన రంపప్పొట్టు ఎత్తేసి కొత్తది పరవాలి. నీళ్ళ సీసాలు కడిగి బిగించాలి. ఒక్కొక్క ఎలుకనూ తక్కెట్లో కూర్చోబెట్టి బరువు చూడాలి, అవి కూర్చుంటేగా! కిటికీలకు సన్నటి జాలీ ఉన్నా, గోడకు ఫ్యాను ఆగకుండా తిరుగుతున్నా, ఆ గది వాసన బట్టలకు పట్టుకుని ఇంటి దాకా వచ్చేది. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండిపోతే, అది తనకిచ్చే మర్యాద అని సరిపెట్టుకునేది.

అన్నిటికన్నా కష్టం మందు పట్టడం. ఎలుకను మెడ దగ్గర ఒడిసిపట్టి, మొన లేని వంకర సూదిని నోట్లోంచి గొంతు దాటించి, మందును నేరుగా పొట్టలోకి వదలాలి. చెయ్యి వణికిందా, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఎలుక పైకి పోతుంది. ఎలుకలత్త చెయ్యి వణికేది కాదు. ఎలుక బెదరకుండా నాలుకను అంగిట్లో తాటించి టొక్, టొక్ మనిపించేది. మందు దిగగానే మళ్ళీ టొక్ మని, వేలి కొసన ఓ గింజ పెట్టేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటే చాలు, ఎలుకలు పంజరం తలుపు దగ్గరకు పరుగెత్తుకొచ్చి నిలబడేవి. పిలిస్తే పలికే పిల్లలు ఎవరికి ముద్దు కాదు? ఆ ముద్దే కొంప ముంచుతుందని ఆమెకు అప్పుడు తెలియదు.

ఆ ఏడు కళ్ళజోడు పిల్ల ఒకత్తి డాక్టరేటు కోసం చేరింది. సన్నగా గాలికి ఎగిరిపోయేటట్టు ఉండేది గానీ పనిలో మొండిఘటం. ఎలుకలను మూడు వరసలుగా పెట్టించింది. మొదటి వరసకు ఉత్త నీళ్ళు. రెండో వరసకు పసుపు రంగు కలిపిన నీళ్ళు. మూడో వరసకు అదే రంగుతో పాటు దానిమ్మ తొక్క సారం.

"ఈ రంగెందుకు తల్లీ పాపం వీటికి?" అని అడిగింది ఎలుకలత్త.

"మిఠాయిల్లో, కూల్‌డ్రింకుల్లో, చిప్సు పొట్లాల్లో కలుపుతారు చూడు, అలాంటి రంగే అత్తా. మనం తినేదానికన్నా చాలా ఎక్కువ ఇస్తున్నాం. మెదడు కణాలను ఏం చేస్తుందో చూడాలి."

"ఏం చేస్తుంది?"

"ఇనప సామానుకు తుప్పు పట్టదూ, అలాంటిదేదో కణాలకూ పడుతుంది. గుర్తు పెట్టుకునే చోట పట్టిందనుకో, మతిమరుపు. మొక్కల్లో ఆ తుప్పును ఆపే పదార్థాలుంటాయి, యాంటీఆక్సిడెంట్లని. దానిమ్మ తొక్కలో బాగా ఉంటాయి. అవి నిజంగా మెదడును కాపాడతాయా, మనం ఊరికే అనుకుంటున్నామా, అదే నా పని."

"మతిమరుపుకా?" అంది ఎలుకలత్త, చేతిలోని సీసా పక్కన పెట్టి. ఆ పిల్ల అవునంది.

ఇంట్లో ఆమె అత్తగారికి ఆ జబ్బే మొదలైంది. అత్తగారంటే మాటలా! వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి. ఎవరి భుజం ఎంత, ఎవరి నడుం పోయినేటికీ ఈ ఏటికీ ఎంత పెరిగింది, టేపు తియ్యకుండా నోటితో చెప్పేది. అలాంటిది ఇప్పుడు కత్తెర చేతిలో పట్టుకుని కత్తెర కోసం ఇల్లంతా వెతికేది. డాక్టరు మాత్రలు రాసి, మళ్ళీ తీసుకురమ్మన్నాడు. ఆ మాత్రలు పడితే కడుపులో తిప్పుతోందని ఆవిడ రోజూ పేచీ పెట్టేది. కొడుకు లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి, మాత్రలైనా పేచీలైనా కోడలి నెత్తి మీదే.

దానిమ్మ సారం చిక్కగా ఉండి సూదికి అడ్డం పడుతుంటే, మూడో వరస మొత్తాన్నీ ఎలుకలత్తకు అప్పగించారు. మిగతా రెండు వరసలకూ మందు పట్టేవాడు ఇంకో పనివాడు. అతన్ని అందరూ మూగనోము అనేవారు. పలకరిస్తే తలూపేవాడు, అరిచినా తలూపేవాడు. ఎలుకలతో మాత్రం ఏం మాట్లాడతాడు?

కొన్ని వారాలు గడిచాక పరీక్ష మొదలైంది. పెద్ద గుండ్రటి తొట్టిలో నీళ్ళు పోసి, అడుగు కనబడకుండా పాలపొడి కలిపారు. నీళ్ళ కింద ఒకే చోట ఓ చిన్న పీట ఉంటుంది. ఎలుకను వదిలితే అది ఈదుకుంటూ పీట కనుక్కుని ఎక్కాలి. రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకం ఉన్న ఎలుక తిన్నగా పీట దగ్గరకు పోతుంది, లేని ఎలుక చుట్టూ తిరుగుతుంది. పైన కెమెరా ఉంది గానీ దానికి చెవుల్లేవు. కళ్ళజోడు పిల్ల పరదా వెనక కంప్యూటరు ముందు కూర్చునేది. ఎలుకలను వదలడానికీ, పీటెక్కినవాటిని తువ్వాలుతో తుడిచి తీసుకోవడానికీ ఎలుకలత్త తొట్టి పక్కన నిలబడేది. పీటకు దగ్గరైన వైపే. అక్కడ నిలబడితేనే చెయ్యి అందుతుంది మరి.

మొదటిరోజు ఒక దానిమ్మ ఎలుక మునుగుతూ తేలుతూ గిరగిరా తిరిగింది. కుడితిలో పడ్డ ఎలుక అని అందరం అంటాం గానీ, నిజంగా నీళ్ళలో కొట్టుకుంటున్న ఎలుకను చూస్తూ నిలబడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆమె నాలుక దానంతటదే టొక్ మంది. ఎలుక చెవులు నిక్కించి ఇటు తిరిగింది, ఈదుకుంటూ వచ్చి పీటెక్కింది. "అమ్మయ్య!" అనుకుందామె. ఫ్యాను రొదలో ఆ చప్పుడు పరదా దాటి వెళ్ళలేదు.

తర్వాత రోజుల్లో తెలిసి చేసిందా అంటే లేదు, తెలియక చేసిందా అంటే అదీ లేదు. పంజరం దగ్గర టొక్ మన్న నాలుక తొట్టి దగ్గర ఊరుకోలేదు. రంగు తాగిన ఎలుకలు దారి తప్పి తిరుగుతుంటే, తన వరస ఎలుకలు ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు వచ్చి ఎక్కుతుంటే, ఆమెకు కడుపు నిండిపోయేది. ఎందుకొస్తున్నాయని ఒక్కసారైనా ఆగి ఆలోచించిందా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆలోచించకపోవడమే హాయిగా ఉంది.

ఫలితాలు చూసి ఆ పిల్లకు చదువు చెప్పే పెద్దసారు నవ్వాడు. "రంగు తాగని ఎలుకలకన్నా ఇవే ముందు ఎక్కుతున్నాయే! మందు మింగినవాడు అసలు రోగమే రానివాణ్ణి మించిపోయాడన్నమాట!" అన్నాడు. ఆ నవ్వులోనే ప్రశ్న ఉంది. కానీ మంచి వార్త ఇంటికొస్తే కులగోత్రాలు ఎవరడుగుతారు? కళ్ళజోడు పిల్ల ఎలుకలత్తను గట్టిగా వాటేసుకుంది, ఎలుకల వాసనతో సహా.

ఆ సాయంత్రమే ఎలుకలత్త పళ్ళరసం కొట్టు దగ్గర ఆగి, పారేసే దానిమ్మ తొక్కలు ఓ సంచీ నిండా తెచ్చుకుంది. డాబా మీద ఎండబెట్టి, పొడికొట్టి, కషాయం కాచి అత్తగారికి ఇవ్వడం మొదలుపెట్టింది. మాత్రల సీసా అలమరలో వెనక్కి పోయింది. డాక్టరు రమ్మన్న రోజు వచ్చి వెళ్ళిపోయింది.

కషాయం తాగించాక ఎదురుగా కూర్చుని అడిగేది. "ఇవాళ ఏం వారమత్తయ్యా?"

అత్తగారు కోడలి మొహంలోకి చూసేది. కోడలి పెదాలు ముందుకు వచ్చి సున్నాలా చుట్టుకునేవి. "బుధవారం!" అనేది అత్తగారు.

"భలే! రాత్రి ఏం తిన్నాం?" అంటూ కోడలి కళ్ళు పొయ్యి మీది గిన్నె వైపు పోయేవి. అత్తగారి కళ్ళూ వాటి వెనకే వెళ్ళి వచ్చేవి. జవాబు చెప్పేది. కోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. పక్కింటావిడకు చెప్పింది, బస్సులో కండక్టరుకు చెప్పింది. పక్కింటావిడ వాళ్ళ నాన్న కోసం ఓ సీసాడు కషాయం పట్టుకెళ్ళింది కూడా.

ఒక ఆదివారం ఆడపడుచు తల్లిని చూడటానికి వచ్చింది. ఎలుకలత్త పొయ్యి దగ్గర వీపు చూపించి నిలబడి ఏదో కలుపుతోంది. ఆడపడుచు తల్లి వెనక కూర్చుని తల దువ్వుతూ, "మా అమ్మకు తగ్గిపోయిందట కదా వదినా, చూస్తానుండు," అంది. "అమ్మా, ఇవాళ ఏం వారమే?"

ముసలావిడ కోడలి వీపు వైపు చూసింది.

"చెప్పవే. వదినకైతే గడగడా చెబుతావట!"

"ఆగవే," అంది ముసలావిడ. "దాన్ని ఇటు తిరగనీ."

"అదేంటి?"

"దాని మొహం చూస్తే వస్తుంది నాకు."

ఆడపడుచు పకపకా నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తున్నావన్నమాట! వదినా, నువ్వే అందిస్తున్నావే మా అమ్మకు!" అంది. నవ్వుతూ నవ్వుతూ వదిన మొహం చూసి ఆగిపోయింది.

ఎలుకలత్తకు తల తీసేసినట్టయింది. అత్తగారికి తగ్గలేదు. తగ్గిందని తను నమ్మింది, నలుగురికీ చెప్పింది, మాత్రలు మాన్పించింది. ఇన్నాళ్ళూ తన జవాబులు తనే విని మురిసిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అందించడం అనే మాట ఆమె చెవిలో పడ్డాక ఊరుకోలేదు. గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండగా, తొట్టి కళ్ళముందుకొచ్చింది, ఈదుతూ ఇటు తిరిగిన ఎలుక వచ్చింది. నోట్లో నాలుక బరువుగా, తనది కానట్టు అనిపించింది.

సోమవారం పొద్దున కాలేజీకి వెళ్ళింది. ఆ రోజు మధ్యాహ్నమే ఎలుకల మెదళ్ళు తీసి చూడాలి. తీశాక ఇక మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఎలుకలుండవు. ఆ ఫలితమే అచ్చులోకి ఎక్కుతుంది, తనలాంటి కోడళ్ళు ఎందరో దాన్ని నమ్మి మాత్రలు అలమరలోకి తోస్తారు. చెప్పాలనుకుంటూనే పంజరాలన్నీ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. కళ్ళజోడు పిల్ల చిన్న చిన్న సీసాలకు చీటీలు అంటిస్తూ కూర్చుంది. చెబితే ఈ పిల్ల చదువేమవుతుంది, తన ఉద్యోగమేమవుతుంది? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రోజూ ఆ చప్పుడు విన్న మూగనోము చెబుతాడా? ఇలాంటి ఆలోచన వచ్చినందుకు ఆమెకు ఇంకా సిగ్గేసింది.

"అత్తా," అంది ఆ పిల్ల తలెత్తకుండానే, "నా థీసిస్ మొదట్లో నీకు కృతజ్ఞతలు రాస్తున్నాను. ఎలుకలత్త అని రాస్తే బాగోదు కదా. నీ అసలు పేరేంటి?"

ఆమె కడుగుతున్న పంజరం కింద పెట్టింది.

"రాయకు తల్లీ," అంది చివరికి.

"అదేం?"

"నీ ఎలుకలకు నేను అందించాను."

"ఏం అందించావు?"

మాటల్లో చెప్పే ధైర్యం లేక, ఆమె గది మధ్యలో నిలబడి నాలుకను అంగిట్లో తాటించింది. టొక్, టొక్. మూడో వరసలో ప్రతి పంజరంలోనూ రంపప్పొట్టు కదిలింది. దానిమ్మ ఎలుకలన్నీ తలుపుల దగ్గరకు వచ్చి ముక్కులు బయటపెట్టి నిలబడ్డాయి. మొదటి రెండు వరసల్లో ఒక్కటీ కదల్లేదు.

కళ్ళజోడు పిల్ల అంటిస్తున్న చీటీ వేలికే అంటుకుపోయింది. "తొట్టి దగ్గర కూడానా?" అంది మెల్లగా.

ఎలుకలత్త తలూపింది.

"ప్రతి రోజూ?"

మళ్ళీ తలూపింది.

"ఎందుకత్తా?"

"మొదటిసారి మునిగిపోతోందేమోనని. ఆ తర్వాత... నావి గెలుస్తున్నాయని."

ఆ పిల్ల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. "ఇక నన్నెవరైనా నమ్ముతారా?" అని మాత్రం అని, లేచి పెద్దసారు గదికి వెళ్ళింది.

మెదళ్ళు తీయడం ఆపేశారు. పీటను తొట్టిలో ఇంకో చోటికి మార్చి, మొదట్నుంచీ మళ్ళీ పరీక్ష పెట్టారు. తువ్వాలు పట్టుకుని మూగనోము నిలబడ్డాడు. మందు పట్టే పని కూడా అతనికే ఇచ్చారు. ఎలుకలత్త ఆ గదిలోకి అడుగు పెట్టకూడదన్నారు. ఉద్యోగం ఊడపీకలేదు, కింది అంతస్తులో గాజు సామాను కడగమన్నారు. ఊడపీకినా ఇంత సిగ్గు ఉండేది కాదేమో. క్యాంటీనులో కుర్రకారు, "ఎలుకలకు ట్యూషను చెప్పి పాస్ చేయించిందటరా," అని నవ్వుకుంటే, తన గురించి కానట్టు గోడ వైపు తిరిగి టీ తాగేది. ఎవరైనా మామూలుగా నవ్వినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. పక్కింటావిడ దగ్గరకు వెళ్ళి, "మీ నాన్నగారికి ఆ కషాయంతో తగ్గుతుందని చెప్పాను, అది అబద్ధం, డాక్టరు మందులు మానిపించకండి," అని చెప్పి వచ్చింది. ఆవిడ తలుపు వేసిన తీరులోనే అర్థమైపోయింది, ఇక చేబదులుకు పంచదార కూడా పుట్టదని.

పరీక్ష ఆఖరి రోజున ఎలుకలత్త మెట్ల మీద కూర్చుంది. పై నుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నాలుక కదులుతుందేమోనని పళ్ళు బిగపట్టుకుంది. ఇంత దూరం వినబడదని తెలుసు, అయినా.

కళ్ళజోడు పిల్ల కిందికి దిగుతూ ఆమెను చూసి ఆగింది.

"రంగు తాగినవాటికన్నా దానిమ్మవి కొంచెం నయం," అంది. "కొంచెమే. రంగు తాగనివాటి దరిదాపుల్లో కూడా లేవు."

"అంటే తొక్కలో ఏదో ఉన్నట్టేనా తల్లీ?"

"ఉందేమో. ఇంకా చాలా చూడాలి. మెదళ్ళు తీసి చూడాలి, మోతాదులు మార్చి చూడాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి." మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇదివరకు ఆ పిల్ల ప్రతి మాటకూ అత్తా అనేది. ఈసారి ఒక్కసారీ అనలేదు. ఎలుకలత్త అది గమనించింది, తనకది తగిన శాస్తేననుకుంది.

కషాయం మాన్పించిన చాలా రోజులకు గానీ డాక్టరు దగ్గర చీటీ దొరకలేదు. ఆ రోజు అత్తగారికి జడ వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. డాక్టరు ప్రశ్నల కాగితం తియ్యబోతుంటే ఎలుకలత్త లేచి నిలబడింది.

"నేను బయట ఉంటానండీ. నేనెదురుగా ఉంటే మా అత్తయ్య నా మొహం చూసి చెబుతుంది."

"మంచిది, కూర్చోండి బయట," అన్నాడు డాక్టరు.

బయట బల్ల మీద కూర్చుంది. తలుపు పూర్తిగా పడలేదు. ఇవాళ ఏం వారమండీ అని డాక్టరు అడగడం వినబడింది. జవాబు లేదు. ఏ నెల? లేదు. ఇప్పుడు మనం ఎక్కడున్నాం? కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత అత్తగారి గొంతు, రహస్యం చెబుతున్నట్టు:

"బాబూ, నీకు పుణ్యముంటుంది. నాకేమీ గుర్తుండటం లేదని మా కోడలికి మాత్రం చెప్పకు. రోజూ తొక్కలు ఎండబెట్టి, కషాయం కాచి, నా ఎదురుగా కూర్చుని అడుగుతుంది. సరిగ్గా చెబితే దాని మొహం ఎంత వెలిగిపోతుందో! నాకు నయమైపోయిందనే అనుకుంటోంది పాపం, పిచ్చిది. అలాగే అనుకోనీ."

ఎలుకలత్త రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎదురు బల్ల మీదివాళ్ళు చూస్తున్నారని తెలిసి కూడా, లోపలినుంచి డాక్టరు పిలుపు వచ్చేదాకా చేతులు తియ్యలేకపోయింది.